సూదాకులు రాలితే చెట్టు చస్తున్నట్టేనా?

నోయిడా అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో, గేట్ల పక్కన తరచుగా కనిపించే మొక్కలు రెండు: నర్సరీల్లో మోర్‌పంఖి అని పిలిచే థుజా, క్రిస్మస్ చెట్టుగా అమ్మే అరకేరియా. రెండూ కోనిఫర్లే. ఎప్పుడూ పచ్చగా ఉంటాయని కొంటారు. కొమ్మల లోపల గోధుమరంగు కనబడగానే కంగారుపడి నీళ్లు గుమ్మరిస్తారు. చాలాసార్లు మొక్కను చంపేది ఆ నీళ్లే.

సతతహరితం అంటే ఆకు రాలదని కాదు, అన్నీ ఒకేసారి రాలవని. హిమాలయాల్లోని చిర్ పైన్ ఏటా వేసవిలో పాత సూదాకులను రాలుస్తుంది. ఉత్తరాఖండ్ అడవుల్లో మంటలకు ఆజ్యం పోసేవి ఆ ఎండుటాకులే. అంతమాత్రాన చెట్టుకు జబ్బు చేసినట్టు కాదు.

ఆకు దానంతట అది ఊడిపోదు, చెట్టే దాన్ని వదిలించుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆక్సిన్ అనే హార్మోన్‌ను తయారుచేసి కాండం వైపు పంపుతూ ఉంటుంది. ఆ ప్రవాహం ఉన్నంతకాలం ఆకు మొదట్లోని కణాలు ఇథిలీన్ అనే వాయు హార్మోన్‌ను పెద్దగా పట్టించుకోవు. వయసు మీదపడో, నీడలో చిక్కుకునో ఆకు నీరసిస్తే ఆక్సిన్ తగ్గుతుంది. అప్పుడు ఇథిలీన్‌ది పైచేయి అవుతుంది. కణాలను అతికించి ఉంచే పదార్థాన్ని ఎంజైములు కరిగించేస్తాయి. అంతకుముందే ఆకులోని నత్రజని, భాస్వరంలో కొంత భాగాన్ని చెట్టు వెనక్కి లాక్కుంటుంది.

ఈ కథలో మూడో పాత్ర ఆబ్‌సిసిక్ ఆమ్లం. 1960లలో పత్తికాయలు రాలడంపై పరిశోధిస్తున్నప్పుడు బయటపడింది కాబట్టి రాలడాన్ని సూచించే ఆ పేరు వచ్చింది. దాని అసలు పని నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలను మూయించడమని తర్వాత తేలింది. ఆకు రాలడంలో ముఖ్యపాత్ర ఇథిలీన్‌దే. నరికిన బాల్సమ్ ఫర్ క్రిస్మస్ చెట్ల సూదాకులు రాలడానికీ అదే ప్రేరణ అని కెనడా పరిశోధకులు చూపించారు.

క్షీణిస్తున్న చెట్టులోనూ యంత్రాంగం ఇదే. తేడా అది మొదలయ్యే సమయంలో, చోటులో ఉంటుంది. కుండీలో నీరు నిలిస్తే వేళ్లకు ఆక్సిజన్ అందదు. ఇథిలీన్‌కు ముడిసరుకైన ఏసీసీ వేళ్లలో పేరుకుని పైకి ప్రయాణిస్తుంది, గాలి తగిలే భాగాల్లో ఇథిలీన్‌గా మారుతుంది. టమాటా మొక్కల్లో ఇది స్పష్టంగా రుజువైంది. పైగా వాహనాల పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. ఢిల్లీ చుట్టుపక్కల దుమ్ము ఆకులపై పేరుకుంటే వాటికి అందే వెలుతురూ తగ్గుతుంది.

కాబట్టి చూడాల్సింది ఎన్ని రాలాయన్నది కాదు, ఏవి రాలాయన్నది. కొమ్మ లోపలి పాత ఆకులు ఎండి, చివర్లు పచ్చగా ఉంటే అది సహజం. కొత్త చిగుళ్లు వాడినా, ఒకవైపు కొమ్మలన్నీ ఎండినా వేళ్ల దగ్గర వెతకాలి. నీళ్లు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడి ఉంటే ఆగాలి, కుండీ అడుగు రంధ్రం పూడిందేమో చూడాలి. అరకేరియా విషయంలో ఆలస్యం పనికిరాదు. అది పోగొట్టుకున్న కింది కొమ్మల చోట కొత్తవి రావు.

మన తీరంలోని సరుగుడు తోటల్లోనూ నేలంతా సూదుల పరుపే. సరుగుడు కోనిఫర్ కాదు, ఆ సూదులు నిజానికి సన్నని రెమ్మలు. అయినా అక్కడ ఆ రాలుడు చూసి ఏ రైతూ బెంగపడడు. ఆయన చూసేది నేలవైపు కాదు, కొమ్మ చివరి చిగురువైపు.