కార్డు ఊళ్లో... బియ్యం పట్నంలో!

2019కి ముందు సంగతి. శ్రీకాకుళం నుంచి తాపీ పనికి హైదరాబాద్ వచ్చిన కుటుంబం ఇక్కడి రేషన్ డీలర్‌కి కార్డు చూపిస్తే 'మా లిస్టులో లేదమ్మా' అనేవాడు. రాష్ట్రం దాటితే చవక బియ్యం మీద ఆశ వదులుకోవాల్సిందే.

తప్పు డీలర్‌ది కాదు. ఏ రాష్ట్రం కార్డుల చిట్టా ఆ రాష్ట్రం కంప్యూటర్లలోనే ఉండేది. ఒకదాని సంగతి మరోదానికి తెలియదు. ఆ వివరాలను అన్ని రాష్ట్రాలూ చూసుకునేలా కేంద్రం ఓ ఉమ్మడి చిట్టా సిద్ధం చేసింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, మహారాష్ట్ర-గుజరాత్ జంటలుగా 'ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు' మొదలుపెట్టాయి. 2022 జూన్‌లో అసోం చేరడంతో దేశమంతా వచ్చేసినట్టయింది.

డీలర్ ఈ-పోస్ మిషన్‌లో కార్డు నంబరో ఆధార్ నంబరో కొట్టి, వేలిముద్ర తీసుకుంటే చాలు. అసలు కిటుకంతా ఆ తర్వాతే. అంత్యోదయ కార్డుల సంగతి వేరుగానీ, మిగతావాటికి మనిషికి నెలకు 5 కిలోలు. నలుగురి కార్డు మీద ఇక్కడ 10 కిలోలు తీసుకుంటే, ఆ లెక్క ఊళ్లో మిషన్‌కీ తెలిసిపోతుంది. మిగతా 10 అక్కడున్న అమ్మానాన్నలు తెచ్చుకోవచ్చు. ఒకే కోటాని రెండుచోట్లా తీసుకుందామంటే మాత్రం కుదరదు!

ఓ మెలిక ఉంది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డులకే ఈ సదుపాయం. రాష్ట్రాలు సొంత ఖర్చుతో ఇచ్చినవి సరిహద్దు దాటితే పనిచేయవు. ఈ తేడా చాలామందికి పరాయి ఊళ్లో డిపో ముందు నిలబడ్డాకగానీ తెలియదు. రైలెక్కేముందే మన కార్డు ఏ రకమో, ఇంట్లో అందరి ఆధార్ దానికి జతయిందో లేదో ఊరి డీలర్‌ని అడిగి చూసుకోండి.