అశోకుడి సింహాలు ఏ రాయి? చునార్ ఇసుకరాయి కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక రాయి గురించే. ఇప్పుడు అందరం ఫోన్‌పేలో కొట్టేస్తున్నాం గానీ, పర్సులో ఎక్కడైనా ఒక రూపాయి బిళ్ల ఉంటే తీసి చూడండి. సింహాల బొమ్మ ఉంటుంది కదా? అసలువి నాలుగు సింహాలు, వీపులు ఆనించుకుని ఉంటాయి. ముందు నుంచి చూస్తాం కాబట్టి మనకి మూడే కనబడతాయి. ఆ అసలు శిల్పం కాశీ పక్కన సారనాథ్ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు ఏడడుగులు, అంతా ఒకటే రాయి. 1904-05 తవ్వకాల్లో బయటపడింది. 1950 జనవరి 26 నుంచి మన జాతీయ చిహ్నం.

ఈమధ్య ఒక రీల్ చాలామంది నాకు పంపించారు. "అశోకుడి స్తంభాలు మనుషులు చెక్కినవి కావు, రాయిని కరిగించి అచ్చులో పోశారు, అద్దంలా మెరవడమే దానికి సాక్ష్యం, ఆ టెక్నాలజీ మనం పోగొట్టుకున్నాం" అని. కింద "నిజమా అన్నా?" అని అడిగారు. కాదు తమ్ముడూ. ఎందుకు కాదో చెప్తాను.

ముందు రాయి సంగతి. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ జిల్లా, గంగ ఒడ్డున చునార్ అనే ఊరు. కాశీకి నైరుతిగా ఉంటుంది. అక్కడ వింధ్య కొండల అంచు నది దాకా వస్తుంది. ఆ కొండలన్నీ ఇసుకరాయే. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, మీద బరువు పడి గట్టిపడింది. ఇసుక రేణువుల సందుల్లోకి సిలికా చేరి జిగురులా పట్టేసింది. లేత గోధుమ రంగు, మధ్యమధ్యలో సన్నని నల్ల చుక్కలు. రేణువులు చాలా చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే ఉలికి లొంగుతుంది, సింహం జూలు వెంట్రుకల దాకా చెక్కవచ్చు. పైగా కొన్నిచోట్ల పగుళ్లు లేకుండా పొడవాటి దిమ్మెలు దొరుకుతాయి. నలభై అడుగుల స్తంభం ఒకే ముక్కలో కావాలంటే అసలు కావలసింది ఇదే.

ఇప్పుడు కరిగించడం మాట. ఇసుకరాయిలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. అది కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సరే, ఎలాగో కరిగించారే అనుకుందాం. చల్లారాక వచ్చేది ఇసుకరాయి కాదు, గాజు! రేణువులు మాయమైపోతాయి. సారనాథ్ రాయిలో, విరిగిన చోట చూస్తే, రేణువులు అలాగే ఉన్నాయి. అచ్చు పోశారన్న కథ ఇక్కడితోనే ఆగిపోతుంది.

మరి నునుపు ఎలా వచ్చింది? రాయిని అరగదీశారు. మొదట గరుకు పొడితో, తర్వాత మెత్తటి పొడితో, ఓపిగ్గా. మీ ఇంట్లో గ్రానైట్ గట్టు ఎలా మెరుస్తుందో ఇదీ అంతే, మెషిన్ లేదు, అంతే తేడా. దీనికి మంచి సాక్ష్యం బీహార్‌లోని బరాబర్ గుహల్లో ఉంది. అది గ్రానైట్, మౌర్యుల కాలానిదే, మెరుపూ అదే. అక్కడ లోమశ ఋషి గుహ పని మధ్యలో ఆగిపోయింది. ఒకచోట గోడ అద్దంలా ఉంటే, ఇంకోచోట ఉలి దెబ్బలు అలాగే కనబడతాయి. పూర్తయిన పని కన్నా ఇలా సగంలో ఆగిన పనే మనకి ఎక్కువ చెప్తుంది, నాకైతే అదే ఇష్టం.

పనివాళ్ల జాడలు చునార్‌లోనూ ఉన్నాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు పరిశోధకురాలు విదులా జైస్వాల్ అక్కడి కొండల్లో పాత క్వారీలు గుర్తించారు. రోకలిలా గుండ్రంగా తయారుచేసి వదిలేసిన పెద్దపెద్ద దిమ్మెలు అక్కడ పడి ఉన్నాయి. కొన్నింటి మీద ఖరోష్ఠి లిపిలో గుర్తులున్నాయి. ఖరోష్ఠి అంటే తక్షశిల వైపు వాడిన లిపి. అంటే ఎక్కడో వాయవ్యం నుంచి వచ్చినవాళ్లు గంగ ఒడ్డున ఈ రాళ్ల దగ్గర పని చేశారన్నమాట. "గ్రహాంతరవాసులు చేశారు" అని షేర్ చేసినప్పుడు మనం తుడిచేస్తున్నది వీళ్లనే.

ఇక అసలు కష్టం మోయడంలో ఉంది. స్తంభం 12 నుంచి 15 మీటర్లు, కొన్ని 50 టన్నుల దాకా బరువు. రోడ్డు మీద ఇంత బరువంటే నరకం. కానీ క్వారీ పక్కనే గంగ. మ్యాప్ తెరిచి అశోకుడి స్తంభాలు ఎక్కడున్నాయో చూడండి. సారనాథ్, వైశాలి, లౌరియా నందన్‌గఢ్, రాంపూర్వా. ఎక్కువ భాగం గంగా మైదానంలోనే, గంగ, గండక్ నదుల దారుల్లోనే ఉంటాయి. కొన్ని స్తంభాల రాయి చునార్‌ది కాదు, కౌశాంబి దగ్గర పభోసా కొండది అని హ్యారీ ఫాల్క్ అనే జర్మన్ పండితుడి వాదన. అదైనా యమున ఒడ్డే! సాంచి స్తంభం కూడా వానాకాలంలో గంగ, యమున, బేత్వా నదుల మీదుగా తెప్పలపై వచ్చి ఉంటుందని జాన్ మార్షల్ ఊహించాడు. అంత దూరం వచ్చిన ఆ స్తంభాన్ని తర్వాతెప్పుడో ఒక జమీందారు చెరకు గానుగ కోసం పగలగొట్టించాడట. ఏం చెప్తాం!

మోసిన విధానం అశోకుడి కాలం వాళ్లు రాసిపెట్టలేదు. కానీ పదహారు వందల ఏళ్ల తర్వాత ఇదే పని మళ్లీ జరిగింది, దాన్ని రాసినవాడున్నాడు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్, ఇప్పటి హర్యానాలోని తోప్రా అనే ఊరి నుంచి ఒక అశోక స్తంభాన్ని ఢిల్లీకి తెప్పించాడు. షంస్ సిరాజ్ అఫీఫ్ ఆ కథంతా వివరంగా రాశాడు. స్తంభం చుట్టూ బూరుగు దూది కుప్పలు పోశారు, పునాది తవ్వితే మెల్లగా దాని మీద ఒరిగింది. తర్వాత దూది కొంచెం కొంచెంగా తీసేశారు. దెబ్బ తగలకుండా రెల్లుతో, పచ్చి తోళ్లతో చుట్టారు. 42 చక్రాల బండి చేయించారు. ఒక్కో చక్రానికి ఒక మోకు, ఒక్కో మోకుకి 200 మంది. లెక్క వేయండి, 8,400 మంది! యమున దాకా లాగి, అక్కడ పెద్ద పడవలకి ఎక్కించారు. ఇప్పుడా స్తంభం ఫిరోజ్ షా కోట్లాలో ఉంది. క్రికెట్ స్టేడియం పక్కనే. మ్యాచ్‌కి వెళ్లినవాళ్లలో ఎంతమంది దాన్ని చూసి ఉంటారో మరి. ఫిరోజ్ షా కాలంలో దాని మీది అక్షరాలు ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివాడు.

ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. స్తంభం వేరు, పైన ఉండే జంతువు బొమ్మ వేరు. రెండింటినీ దేనితో కలిపారు? రాంపూర్వాలో రెండడుగుల రాగి మేకు దొరికింది. ఇనుము ఎందుకు వాడలేదు? ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, రాయి లోపల నుంచి పగులుతుంది. రాగితో ఆ గొడవ లేదు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో స్లాబు పెచ్చులూడటానికి కారణం కూడా లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టడమే.

మరి మన వైపు ఇలాంటి స్తంభాలు ఎందుకు లేవు? అశోకుడు మన దాకా రాలేదని కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, ఆయన శాసనాలున్నాయి. కాకపోతే అక్కడున్న కొండబండల మీదే చెక్కించాడు. చునార్ నుంచి తుంగభద్ర దాకా నీటి దారి లేదు కదా. నా లెక్కలో ముఖ్య కారణం అదే. రాజు మాట ఎక్కడికైనా వెళ్తుంది, 50 టన్నుల రాయి మాత్రం నది వెళ్లిన చోటికే వెళ్తుంది.

చునార్ రాయి మౌర్యులతో ఆగిపోలేదు. గుప్తుల కాలంలో సారనాథ్ బుద్ధ విగ్రహాలు దీనితోనే చెక్కారు. చునార్ కోట కూడా ఆ రాతి గుట్ట మీదే ఉంది. కాశీ ఘాట్ల మెట్లకీ ఈ రాయే వాడారు. మీర్జాపూర్ కొండల్లో ఇప్పటికీ రాయి తీస్తున్నారు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇసుకరాయిని కోస్తే లేచే దుమ్ము అంటే సిలికా పొడి. కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వాటిని గట్టిపడేలా చేస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. మందు లేదు. ఉలి, సుత్తి ఉన్న రోజుల కంటే ఎలక్ట్రిక్ కట్టర్ వచ్చాక దుమ్ము ఎక్కువైంది. ఇసుకరాయి క్వారీలు ఎక్కువగా ఉన్న రాజస్థాన్‌లో ఈ జబ్బు కోసం 2019లో ప్రత్యేకంగా పాలసీ తేవలసి వచ్చింది. నీళ్లు చల్లుతూ కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. మామూలు గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. మన దగ్గరా గ్రానైట్, క్వార్ట్జ్ పలకలు పొడిగా కోసే షాపులు చూస్తూనే ఉంటాం. మీ ఇంటికి పలకలు కోయిస్తుంటే, పైపు పెట్టి నీళ్లు పోస్తూ కోయమని అడగండి. గచ్చు తడుస్తుంది, తర్వాత తుడుచుకోవచ్చు.

కాశీ వెళ్లేవాళ్లు సారనాథ్‌కి కూడా సమయం పెట్టుకోండి. సింహాలు మ్యూజియంలో ఉంటాయి, విరిగిన స్తంభం మొదలు తవ్వకాల స్థలంలోనే ఉంటుంది. రెండూ చూడండి, నల్ల చుక్కలు వెతకండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి.