పదేళ్ల తర్వాత కూడా పనికొచ్చేలా రాసుకుందాం

చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఘటన నుంచి హైకోర్టు తీర్పు దాకా దాదాపు 23 ఏళ్లు గడిచాయి. మన కేసులు ఇంతకాలం నడుస్తాయి. ఇవాళ మనం రాసుకునే నాలుగు ముక్కలను వివరాలన్నీ మరిచిపోయాక మనమే చదవాల్సి రావచ్చు. లేదా మన తర్వాత ఆ కేసు చూసేవాళ్లు చదవాల్సి రావచ్చు. వాళ్లకు అర్థమైతేనే ఆ నోట్సుకు విలువ.

'ఎస్సై సరిగా స్పందించలేదు' అని రాసుకుంటే ఏడాది తిరిగేసరికి అది ఎందుకూ కొరగాదు. 'మే 14, ఉదయం 10.40. ఎస్సైకి ఫిర్యాదు ఇచ్చాం. రేపు రమ్మన్నారు. రసీదు ఇవ్వలేదు. వెంట ముగ్గురున్నాం' అని రాస్తే అది పనికొస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని చదివి వినిపించడం, ఎఫ్ఐఆర్ నమోదు చేయడం, దాని నకలు ఇవ్వడం అధికారుల విధి. కావాలని నిర్లక్ష్యం చేస్తే శిక్ష ఉంది. ఆ నిర్లక్ష్యాన్ని చూపించాలంటే తేదీ, సమయం, అన్న మాట మన దగ్గర ఉండాలి.

కాబట్టి ప్రతి నోట్సులో మూడింటిని విడివిడిగా రాద్దాం: కళ్లారా చూసింది, ఎవరో చెబితే విన్నది, మనం అనుకుంటున్నది. విన్నదైతే ఎవరు, ఎప్పుడు చెప్పారో పక్కనే రాయాలి. ఆ రోజే రాయాలి. ఘటన సమయంలో గానీ, జ్ఞాపకం తాజాగా ఉండగానే గానీ తాను రాసుకున్న కాగితాన్ని చూసి సాక్షి కోర్టులో గుర్తుతెచ్చుకోవచ్చని భారతీయ సాక్ష్య అధినియం 162వ సెక్షన్ చెబుతోంది. అయితే అవతలి పక్షం అడిగితే ఆ కాగితం వాళ్లకూ చూపించాలి. దాని మీద ప్రశ్నలు వేస్తారు. అందుకే పేజీలు చించకూడదు, పాత మాటను చెరిపి రాయకూడదు. తప్పుంటే ఒక గీత కొట్టి, కింద సరైనది రాసి, ఆ రోజు తేదీ వేయాలి.

పుస్తకానికి పేజీ నంబర్లు వేసి, మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదలాలి. ఏ కేసు ఏ పేజీల్లో ఉందో అక్కడ రాయాలి. ఫోన్లో తీసిన ఫొటో దేని గురించో, ఎప్పుడు తీశామో పుస్తకంలో కూడా ఉండాలి. ఫోన్లు మారతాయి, పోతాయి. ఎఫ్ఐఆర్ తేదీ పక్కనే 60వ రోజు ఎప్పుడో లెక్కగట్టి పెట్టుకోవాలి. దర్యాప్తు పూర్తిచేసి చార్జిషీటు వేయడానికి చట్టం కింద నియమాలు ఇచ్చిన గడువు అదే. నెలకోసారి పుస్తకం తిరగేస్తే ఏ గడువు దాటిందో తెలుస్తుంది.

ఇంత వివరంగా రాసిన పుస్తకం పరాయి చేతుల్లో పడితే సాక్షులకే ముప్పు. సాక్షుల పేర్లకు బదులు గుర్తులు వాడి, ఏ గుర్తు ఎవరిదో రాసిన కాగితం వేరేచోట దాచాలి. లైంగిక హింస బాధితుల వివరాలు బయటపెట్టడం నేరం కూడా. నోట్సు నకలు ఒకటి నమ్మకమైన మరొకరి దగ్గర ఉంచాలి.

స్కాలర్‌షిప్ ఆగినా, హాస్టల్ సీటు రాకపోయినా విద్యార్థులకూ ఇదే పద్ధతి: దరఖాస్తు నంబరు, ఇచ్చిన తేదీ, తీసుకున్న ఉద్యోగి హోదా, చెప్పిన జవాబు.

రాసింది సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి, ఆ రోజు అక్కడ లేని స్నేహితుడికి ఇచ్చి చదివించండి. 'ఇది ఎవరు? ఎప్పుడు?' అని అతను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును, ఆ రోజు తేదీ వేసి, అదే పేజీలో చేర్చండి.