మీకు తెలుసా? నవలలు రాసేవాళ్ల లోకంలో ఎన్ని వింతలో!

★ తెలుగు డిటెక్టివ్ నవల తొలి అడుగులు మద్రాసులోనో బెజవాడలోనో పడ్డాయనుకుంటున్నారా? కాదండీ, మన బరంపురంలో! ఛత్రపూర్‌కు దగ్గర్లోనే ఉన్న ఆ ఊళ్లో దేవరాజు వేంకటకృష్ణారావు గారు 1910ల తొలినాళ్లలోనే ‘వేగుచుక్క గ్రంథమాల’ పెట్టి, ‘వాడే వీడు’ అనే అపరాధ పరిశోధక నవలను పాఠకుల చేతిలో పెట్టారు. వాడెవడు, వీడెవడు అని అట్ట చూడగానే అడగాలనిపిస్తుంది కదూ! కొత్తగా నవల రాసేవాళ్లు పేరు పెట్టడం ఎలాగో ఇక్కడే నేర్చుకోవచ్చు.

★ శ్రీకాకుళం వాళ్ల కలెక్టరు ఒకప్పుడు ఎక్కడ కొలువుండేవారో చెప్పుకోండి చూద్దాం? ఛత్రపూర్‌లో! 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రెండూ ఒకే గంజాం జిల్లా. కాబట్టి పాత పుస్తకం మీద ‘గంజాం జిల్లా’ అని ఉంటే, రాసినాయన ఇప్పటి ఏ రాష్ట్రంవాడో అంత తేలిగ్గా తేలదు.

★ నవలల్లో మనుషులు మనలాగే మాట్లాడుతున్నారంటే, అందులో ఆ పాత గంజాం జిల్లా బడిపంతులు ఒకాయన చలవ ఎంతో ఉంది! ఆయనే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు. వాడుక భాషలో రాయాలని జీవితమంతా పోరాడిన ఆ పెద్దాయన, పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు డెబ్బై దాటిన వయసులో ఊరు వదిలి రాజమండ్రి చేరారు.

★ నవలలోని పాత్ర మీద కేసు నడుస్తోందని చదివి, జనం నిజం కోర్టుకే బయల్దేరారట! ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ 1897 నుంచి ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో ‘ధూర్జటి’ అనే మారుపేరుతో వచ్చింది. అందులో దుర్మార్గపు జమీందారు రామచంద్ర మంగరాజు విచారణ చూద్దామని పల్లెల వాళ్లు కటక్ దారి పట్టారని చెప్పుకుంటారు. ఇంతకీ అది మొదలయ్యేనాటికి రచయిత వయసెంతో తెలుసా? యాభై నాలుగు దగ్గర! కథంతా తిరిగేదేమో ఆరెకరాల పైచిలుకు భూమి చుట్టూ! ఇంత చిన్న చెక్కలోంచి అంత పెద్ద నవల పండించారంటే, నాకైతే ఈ మొత్తం పట్టికలో ఇదే అన్నిటికన్నా ఇష్టం.

★ ప్రతి పాదమూ ‘బ’తోనే మొదలయ్యే కావ్యం ఉందంటే నమ్ముతారా? గంజాంలోని ఘుముసర గడ్డ మీద పుట్టిన ఉపేంద్ర భంజ ‘బైదేహీశ బిళాస’లో రామకథనంతా అలాగే నడిపించారు! ఒక్క పేజీ మీరూ ప్రయత్నించండి, ‘బ’తో మొదలయ్యే మాటలు ఎంత త్వరగా నిండుకుంటాయో!

★ ఇంగ్లిషులో దీనికి తిరగేసిన పని చేసిన మొండివాడు ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్! 1939లో వచ్చిన ‘గాడ్స్‌బీ’ నవలలో 50,000 పైచిలుకు మాటలు, ‘ఇ’ అక్షరం మాత్రం దాదాపు సున్నా! పొరపాటున వేలు పడకుండా టైపు మిషన్‌లో ఆ మీటను కట్టేసి మరీ రాశారాయన.

★ ‘వేయిపడగలు’ ఎన్నాళ్లలో పూర్తయిందో ఊహించండి? 29 రోజుల్లో అంటారు! విశ్వనాథ సత్యనారాయణ గారు ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాస్తూ పోయారు, రాతప్రతి 999 పుటలకు చేరింది. అంటే రోజుకు 34 పుటలు! పాపం, చెప్పిన నోటి మాట సరే, రాసిన చేతి మాటేమిటి? ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో ఈ నవలకు వచ్చిన బహుమతిని అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిపి పంచారు.

★ ఇంటద్దె కట్టలేని రచయిత నవల 60 పౌండ్లకు అమ్ముడుపోయింది! ఆలివర్ గోల్డ్‌స్మిత్‌ను ఇంటావిడ అప్పు కింద పట్టిస్తే, మిత్రుడు శామ్యూల్ జాన్సన్ రాతప్రతి పట్టుకెళ్లి అమ్మిపెట్టారు. 1766లో అచ్చయిన ఆ పుస్తకం ఛాయలోనే మన కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ తయారైంది.

★ జైలు గదిలో పుట్టి, బయటికొచ్చాక నిషేధం పాలైన తెలుగు నవల ఏది? ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’!

★ మీరు పోయాక కూడా అరవై ఏళ్లు మీ నవల మీ వాళ్లదే! మన కాపీరైటు చట్టంలో మొదట ఆ గడువు 50 ఏళ్లే, రవీంద్రనాథ్ టాగూర్ రచనల గడువు ముగిసే వేళకు మరో పదేళ్లు పెంచారు.

★ పుస్తకం వెనక కనిపించే 13 అంకెల ఐఎస్‌బీఎన్‌కు ఎంత కట్టాలి? మన దేశంలో పైసా అక్కర్లేదు! కేంద్ర ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు పెడితే ఉచితంగానే ఇస్తారు. అది లేదని నవలను అటక మీద పెట్టకండి!

★ సొంత ఖర్చుతో నవల అచ్చేసుకున్నారా? అయితే నాలుగు ఊళ్లకు పార్సిళ్లు కట్టాలి! 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు తలో ప్రతీ పంపాలి. ఎగ్గొడితే ఆ చట్టంలో రాసిన జరిమానా ఎంతో తెలుసా? మహా అయితే 50 రూపాయలు, ఆపైన పుస్తకం ఖరీదు!