కంప్యూటర్ సంగీతంలో సందేశాల రద్దీ

గతేడాది మన వార్షికోత్సవంలో ముఖ్య అతిథి మైకు అందుకున్న తర్వాత కూడా డోలక్ ఆగలేదు. అందరూ స్పీకర్ల దోషమనుకున్నారు. కాదు, తప్పు మాదే.

ఆనాడు మేము వాడినది ప్యూర్ డేటా అనే ఉచిత ప్రోగ్రాం. 1980లలో ప్యారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మాక్స్ అనే ప్రోగ్రాంను తయారుచేసిన మిల్లర్ పకెట్, 1990లలో దీనినీ రూపొందించారు. ఇందులో తెరపై పెట్టెలు పెట్టి గీతలతో కలిపితే చాలు. ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు అంకెలు సందేశాలుగా వెళ్తాయి.

తబలా, డోలక్, వేణువు, హార్మోనియం నాలుగూ మేము అద్దెకు తెచ్చిన కీబోర్డులోనివే. మూడు సెకన్లలో అన్నీ మెల్లగా తగ్గి ఆగిపోవాలని ఒక్కోదానికి మిల్లీసెకనుకొక అంకె పంపాము. అంటే సెకనుకు 4,000 సందేశాలు! కీబోర్డుకు వెళ్లే మిడి కేబులు వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో సందేశానికి 30 బిట్లు పడతాయి. కనుక వెయ్యికి కాస్త పైన మాత్రమే వెళ్లగలవు. మిగిలినవి వరుసలో నిలబడ్డాయి. మూడు సెకన్ల పని పదకొండు సెకన్లు దాటింది.

సీజనులో గుంటూరు మిర్చి యార్డు ముందు వాహనాలు బారులు తీరడం మనకు తెలిసిందే. అక్కడ ఒక్క టిక్కీ కూడా పారేయడానికి లేదు. కానీ శబ్దం 40కి దిగాల్సిన సమయంలో పాత 67తో ఎవరికి పని?

అందుకని 20 మిల్లీసెకన్లకొకసారి ఒక అంకెను వదిలి, మధ్యలో వచ్చినవన్నీ పారేసి చూశాము. రద్దీ తగ్గింది. అయితే చివర రావలసిన సున్నా కూడా ఆ పారేసిన వాటిలోనే పోయింది. డోలక్ సన్నగా మోగుతూనే ఉంది.

ఈ చిక్కు తీర్చేది స్పీడ్‌లిమ్ అనే పెట్టె. ఇది మాక్స్‌లో ఉంది, ప్యూర్ డేటాకైతే సైక్లోన్ అనే లైబ్రరీలో దొరుకుతుంది. మొదటి అంకెను వెంటనే పంపుతుంది. గడువులోపు ఎన్ని వచ్చినా అన్నిటికన్నా కొత్తదానిని మాత్రమే దాచుకుని, గడువు తీరగానే వదులుతుంది. కాబట్టి చివరి సున్నా పోదు. నాలుగింటికీ నాలుగు పెట్టాక సెకనుకు 200 సందేశాలే.

స్వరం మొదలు, స్వరం ఆపు అనే సందేశాలకు మాత్రం దీనిని పెట్టకూడదు. అవి మిర్చి టిక్కీల వంటివి. 'ఆపు' ఒక్కటి జారినా ఆ స్వరం మోగుతూనే ఉంటుంది.

ఆ ఫైలును హాస్టల్ కంప్యూటర్లో ఉంచాము. తమ్ముళ్లు 20 ఉన్నచోట 200 పెట్టి వినండి. శబ్దం మెట్లు దిగినట్లు తగ్గుతుంది.