కౌపాక్స్

పేరులో ఆవు ఉంది కానీ, ఈ వైరస్ అసలు కాపురం ఎలుకల జాతిలో. యూరప్ పొలాల్లో బొరియలు చేసుకుని బతికే వోల్ అనే చిట్టి జీవి దీనికి పుట్టిల్లు. ఆ జీవిని వేటాడిన పిల్లి ద్వారానే మనుషులకు ఎక్కువగా అంటుతుంది. 2009 తొలినాళ్లలో మాత్రం జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలోనూ, ఫ్రాన్స్‌లోనూ దుకాణంలో కొన్న పెంపుడు ఎలుకల నుంచి సోకింది. ముద్దుగా భుజమెక్కించుకుంటారు కదా, మ్యూనిక్ కేసుల్లో పుండ్లు మెడ మీద కూడా లేచాయి.

మొదట ఎర్రటి పొక్కు. అది బొబ్బగా మారి, చీము పట్టి, చివరికి నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి బాగానే ఉంటుంది. పక్కన బిళ్లలు కడతాయి, జ్వరమూ రావచ్చు. ఆ నల్లటి చెక్కు చూసి ఆంత్రాక్స్ అని పొరబడ్డ సందర్భాలూ ఉన్నాయి. సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది, మచ్చ మిగులుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. యాంటీబయాటిక్స్ వైరస్‌ మీద పనిచేయవు.

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి టీకా వేసింది పాలమ్మాయి చేతి మీది కౌపాక్స్ పొక్కు రసంతోనే. మశూచి పోయిందని 1980లో ప్రకటించారు, టీకాలు ఆగాయి. దాంతో కౌపాక్స్ నుంచీ ఆ టీకా ఇచ్చే అడ్డుగోడ ఇప్పటి కుర్రకారుకు లేదు. మన దగ్గర పాలు పితికేవారి చేతులకు వచ్చే గేదె మశూచి దీనికి దాయాదే కానీ, వైరస్ వేరు.