నడక నేర్పే యంత్రం... నల్లగొండకు ఎంత దూరం?

నల్లగొండ జిల్లాకు కాళ్లు పడిపోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బావినీళ్లు, బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి ఎముకలను వంచిందో లెక్కలేదు. 1955లోనే ఇక్కడి ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దాదాపు అర్ధ శతాబ్దం గడిచాక, 2003లో శివన్నగూడేనికి చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజపేయికి చూపించాల్సి వచ్చింది. మన గోస ఢిల్లీ చేరడానికి పట్టే కాలం అది!

అలాంటి చోట కాళ్లు బిగుసుకుపోతే ముందు నీళ్లనే అనుమానిస్తారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) గురించి ఎవరికి తడుతుంది? ఫ్లోరోసిస్‌లో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కేస్తుంది. ఎంఎస్‌లో ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను తినేస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవాళ్లకు వస్తుంది. పైగా ఒళ్లు వేడెక్కితే లక్షణాలు ముదురుతాయి. జర్మన్ వైద్యుడు ఊథాఫ్ 1890లోనే గమనించిన సంగతి ఇది. మే నెలలో పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లి హైదరాబాద్‌లో దిగే మనిషికి, ఫిజియోథెరపీ మొదలుకాకముందే కాళ్లు మొరాయిస్తాయి.

ఇక నడక నేర్పే యంత్రం సంగతి. స్విట్జర్లాండ్ వాళ్ల లోకోమాట్ అనే రోబోలో రోగిని పట్టీలతో పైనుంచి వేలాడదీస్తారు; ఒంటి బరువులో కొంత యంత్రమే మోస్తుంది. కింద ట్రెడ్‌మిల్ కదులుతుంటే తొడలకు, పిక్కలకు బిగించిన మోటారు చట్రాలు తుంటినీ మోకాలినీ లయ తప్పకుండా ఆడిస్తాయి. రోగి ఊరికే వేలాడకుండా తానూ అడుగు వేస్తున్నాడా లేదా అని థెరపిస్ట్ కనిపెట్టుకుని ఉండాలి. మ్యాన్‌హోళ్లు శుభ్రంచేసే బాండికూట్ రోబోతో పేరొందిన కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ కూడా జీ-గైటర్ పేరుతో ఇలాంటిదే తయారుచేసింది.

మరి ఫలితం? ఇటలీలోని ఫెరారా బృందం, నడక బాగా దెబ్బతిన్న 72 మంది ఎంఎస్ రోగులను రెండు జట్లు చేసి ఒక జట్టుకు రోబోతో, మరో జట్టుకు మామూలు నడక శిక్షణ ఇచ్చింది. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు జట్ల నడకా మెరుగైంది. రోబోది పైచేయి కాలేదు. థెరపిస్ట్ నడుం నొప్పి తగ్గించడంలో, ఎక్కువ అడుగులు వేయించడంలో యంత్రానికి సాటిలేదు, నిజమే. అయినా జిల్లాకు ముందు కావాల్సింది అది కాదని నా అభిప్రాయం.

మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నెలల తరబడి, చల్లని గదిలో, బస్సు బాధ లేకుండా నడిపించే ఫిజియోథెరపిస్టులు అక్కడ సరిపడా ఉంటే ఎంఎస్ వాళ్లకే కాదు, ఫ్లోరోసిస్, పక్షవాతం బాధితులకూ మేలు.

ఒక మాట: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించండి.